రేవు దాకా వచ్చి ఆగిన హెచ్చరిక

1864 అక్టోబరు 5న కలకత్తాను ముంచెత్తిన తుఫాను దాదాపు 60 వేల మందిని పొట్టన పెట్టుకుంది. నెల తిరక్కుండానే, నవంబరు 1న, బందరు మీద ఉప్పెన విరుచుకుపడింది. అక్కడ పోయిన ప్రాణాలు 30 వేలని అంచనా. మరుసటి ఏడాదే ప్రభుత్వం తుఫాను హెచ్చరికలకు ఏర్పాటు చేసింది. అయితే అది కలకత్తా రేవు కోసం, లంగరు వేసిన ఓడల కోసం. తీరం వెంట గుడిసెల్లో ఉన్నవాళ్లు ఆ లెక్కలో లేరు. ఆ లోటు పూడటానికి నూరేళ్లకు పైనే పట్టింది.

1875లో హెన్రీ బ్లాన్‌ఫర్డ్ అధిపతిగా భారత వాతావరణ శాఖ పుట్టింది. తుఫాన్లతో పాటు ఒరిస్సా కరువూ దాని పుట్టుకకు కారణమే. 1878 నుంచి రోజువారీ నివేదిక వెలువడసాగింది. ఎక్కడెక్కడి పరిశీలకులో నిర్ణీత వేళకు గాలి పీడనం, ఉష్ణోగ్రత, వాన కొలిచి తంతి కొడితే, ఒకచోట కూర్చుని పటం గీసేవారు. కొలిచే ఆ పద్ధతి నేటికీ చెదరలేదు. పొద్దున 8.30కి వర్షమాపకంలోని నీళ్లను గాజు కొలపాత్రలోకి వంచి మిల్లీమీటర్లు చదువుతారు. పేపర్లో ‘గడచిన 24 గంటల్లో’ అంటూ వచ్చే అంకె అక్కడిదే.

రేవుల్లో ఎగరేసే హెచ్చరికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. పగలైతే శంకువులూ స్థూపాలూ, రాత్రయితే ఎర్ర, తెల్ల దీపాలు. పదో నంబరు దాకా ముప్పు ఎంతో చెబుతాయి. పదకొండోది మాత్రం హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెబుతుంది. ఆ పట్టిక రాసినవాళ్లు గట్టివాళ్లే! కానీ ‘ఎనిమిదో నంబరు’ అన్న మాట రేడియోలో వింటే, నావికుడికి తెలిసినంత నాట్ల కూలీకి ఏం తెలుస్తుంది?

1970లో విశాఖపట్నంలో తుఫాన్లను పసిగట్టే రాడార్ వచ్చింది. 1974లో అక్కడే తుఫాను హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. అయినా 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది చనిపోయారు. తుఫాను కనబడక కాదు. ఎన్ని గుడిసెల్లో రేడియో ఉంది, ఉన్నా ఎక్కడికి వెళ్లాలి? ఆ తర్వాత తుఫాను షెల్టర్లు లేచాయి, ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా సైరన్ మోగించి స్థానిక భాషలో హెచ్చరించే రిసీవర్లు తీరానికి చేరాయి. 1990 మేలో మళ్లీ కృష్ణా తీరాన్నే భీకర తుఫాను తాకింది. లక్షల మందిని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపే.

అంతటితో గట్టెక్కామని అనుకోలేం. 1996లో కోనసీమ, 1999లో ఒడిశా మళ్లీ శవాలను లెక్కపెట్టుకున్నాయి. ఒక్క ఒడిశాలోనే సుమారు పదివేలు. అదే ఒడిశా 2013లో ఫైలిన్ తుఫాను వచ్చేలోపు దాదాపు పది లక్షల మందిని కదిలించింది, చనిపోయినవారు 50 లోపే. ఉపగ్రహాలు మెరుగయ్యాయి, నిజమే. నా లెక్కలో మాత్రం ఎక్కువ మార్కులు షెల్టర్లకూ, ఊరూరా తిరిగి జనాన్ని లేవదీసినవాళ్లకూ పడాలి.

2004 సునామీ నాటికి హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేదు. 2007లో మన దేశపు వ్యవస్థ సముద్రం లేని హైదరాబాద్‌లో, ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో మొదలైంది.

నదుల కథ వేరు. 1958లో ఢిల్లీ దగ్గర యమునతో వరద అంచనాలు మొదలయ్యాయి. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏ అంకెకు ఏ దారి మునుగుతుందో అక్కడివాళ్లకు తెలుసు. 1986లో 75.6 అడుగులు చూసినవాళ్లు 2022లో 71.3 వినగానే విషయం గ్రహించారు. రేవు నంబర్లకు లేనిది ఇదే.

ఇప్పుడు మిగిలింది పిడుగు. దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా దానికి బలవుతున్నారు. తుఫానుకు రోజుల గడువు దొరికితే, పిడుగుకు దక్కేది అరగంటో గంటో. ఫోన్లకు సందేశాలు వెళుతున్నాయి. ఎక్కువగా పోయేది పొలాల్లో ఉన్నవాళ్లు, గొర్రెల కాపరులు. చెట్టు కింద నిలబడొద్దని చెబితే చాలదు, చుట్టుపక్కల పక్కా కప్పు కూడా ఉండాలి.