బేరియాట్రిక్ శస్త్రచికిత్స తర్వాత మళ్ళీ బరువు పెరగడం: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం

కడుపును చిన్నది చేసే ఆపరేషన్‌తో తగ్గిన బరువులో కొంత భాగం కొన్నేళ్లకు తిరిగి రావడాన్ని బేరియాట్రిక్ శస్త్రచికిత్స తర్వాతి బరువు పెరుగుదల అంటారు. ఆపరేషన్ అయ్యాక ఏడాది నుంచి రెండేళ్ల లోపు బరువు అట్టడుగుకు చేరుతుంది. అక్కడి నుంచి కొద్దో గొప్పో పెరగడం చాలామందిలో కనిపించేదే. ఇంట్లోవాళ్లకు మాత్రం అది బూడిదలో పోసిన పన్నీరులా తోస్తుంది. నోరు కట్టుకోలేదనీ, అంత ఖర్చు పెట్టించి మళ్ళీ ఒళ్ళు చేసిందనీ అనేస్తారు. వైద్యశాస్త్రం ఈ నిందను ఒప్పుకోదు. స్థూలకాయం మధుమేహం లాంటి దీర్ఘకాలిక వ్యాధి. ఆపరేషన్ దాన్ని అదుపులోకి తెస్తుంది కానీ తుడిచిపెట్టదు. బరువు మళ్ళీ పెరుగుతోందంటే చికిత్సలో తర్వాతి అడుగు వేయాల్సిన సమయం వచ్చిందని అర్థం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని పట్టణాలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో మూడింట ఒక వంతు కంటే ఎక్కువ మందికి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక) 25 లేదా ఆ పైన ఉంది. కరవుసీమలో ఊబకాయమా అని ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. ఈ పట్టణాలకు పెద్ద వైద్యమంటే బెంగళూరే. హిందూపురం నుంచి అది సుమారు 100 కిలోమీటర్లు. పెనుకొండ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, ధర్మవరం జంక్షన్ నుంచి రైలు మార్గం అటే పోతాయి. ఆపరేషన్‌కు ఆస్పత్రిలో ఉండేది కొద్ది రోజులు. ఆ తర్వాతి పర్యవేక్షణ జీవితాంతం సాగాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. మొదటి ఏడాది తప్పకుండా వెళ్లినవాళ్లు రెండో ఏట ఒక పూట పని పోతుందనో, బాగానే ఉన్నాం కదా అనో మానేస్తారు. బరువు తిరిగి పెరగడం మొదలయ్యేదీ దాదాపు అప్పుడే. పెరిగాక డాక్టరు ముందు నిలబడటానికి సిగ్గుపడి అసలు వెళ్లడమే మానుకుంటారు.

ఎంత పెరిగితే ఆలోచించాలి

దీనికి అందరూ ఒప్పుకున్న ఒకే గీత చాలాకాలం లేదు. అట్టడుగు బరువు మీద 10 కిలోలు పెరిగితే అని కొందరు, తగ్గినదాంట్లో నాలుగోవంతు తిరిగొస్తే అని కొందరు లెక్కించారు. తగ్గిన బరువులో 30 శాతానికి మించి తిరిగి రావడం ఇటీవలి కొలమానం. ఉదాహరణకు 120 కిలోల మనిషి 80కి దిగారనుకుందాం. తగ్గింది 40 కిలోలు. 84కి చేరితే తిరిగొచ్చింది పదోవంతు మాత్రమే. అది శరీరం సర్దుకోవడం. 92 దాటితే గీత దాటినట్టు. అయితే మధుమేహం, రక్తపోటు మళ్ళీ తలెత్తుతుంటే ఈ అంకెల కోసం కాచుకు కూర్చోకూడదు.

స్వీడన్‌లో 1987లో మొదలైన స్వీడిష్ ఒబీస్ సబ్జెక్ట్స్ అధ్యయనం ఈ విషయంలో పెద్ద ఆధారం. అందులో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారు తొలి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. పైన చెప్పిన 120 కిలోల మనిషికి ఇదే లెక్క వేస్తే మొదట 38 కిలోలు తగ్గి, పదేళ్లలో 8 కిలోలు తిరిగొచ్చినట్టు. అయినా 30 కిలోల లాభం నిలిచే ఉంది. ఇంట్లో జరిగే వాదనల్లో ఆ 8 కిలోలే లెక్కకు వస్తాయి. నిలిచిన 30 కిలోల ఊసు ఎవరూ ఎత్తరు.

శరీరం ఎందుకు ఎదురు తిరుగుతుంది

మన దేశంలో ఎక్కువగా చేసేది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. కడుపులో సుమారు 75 నుంచి 80 శాతం తీసేసి మిగిలినదాన్ని సన్నని గొట్టంలా మిగులుస్తారు. తీసేసే భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారవుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనుగొన్న హార్మోను ఇది. బైపాస్‌లో కడుపు పైభాగాన్ని చిన్న సంచిలా చేసి చిన్నపేగుకు కలుపుతారు. తిన్నది త్వరగా కింది పేగుకు చేరి, కడుపు నిండిందని చెప్పే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు పెరుగుతాయి. అందుకే మొదటి నెలల్లో నాలుగు ముద్దలకే చాలనిపిస్తుంది. కాలం గడిచేకొద్దీ ఆకలి కొంత తిరిగొస్తుంది. స్లీవ్ కొద్దిగా సాగుతుంది. బైపాస్ అయినవారిలో సంచికీ పేగుకూ మధ్య ఉన్న ద్వారం వెడల్పు కావచ్చు.

దీనికి తోడు, బరువు తగ్గిన శరీరం ఇంధనాన్ని పొదుపుగా వాడటం నేర్చుకుంటుంది. అమెరికాలో ఆపరేషన్ లేకుండా, టెలివిజన్ పోటీ కోసం కఠినమైన పథ్యం, వ్యాయామాలతో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించారు. విశ్రాంతిలో వారి శరీరాలు ఉండాల్సినదానికన్నా రోజుకు సుమారు 500 కిలోక్యాలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయని 2016లో వెల్లడించారు. బరువు పెరిగిందన్న కంగారులో లంఖణాలకు దిగడం ఎందుకు పనికిరాదో ఇది చెబుతుంది. కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. కండ తగ్గితే ఖర్చు ఇంకా తగ్గుతుంది.

మందుల వల్ల కూడా బరువు పెరగవచ్చు. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, మానసిక సమస్యలకు ఇచ్చే కొన్ని మాత్రలు ఇందులోకి వస్తాయి. వాటిని సొంతంగా ఆపకుండా, మార్చగలరేమో డాక్టరును అడగాలి. థైరాయిడ్ లోపం, ముట్లుడగడం, గర్భం, నిద్రలో గురక పెట్టి శ్వాస ఆగే జబ్బు, దిగులు, రాత్రిపూట లేచి తినే అలవాటు కూడా కారణాలే. మద్యం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బైపాస్ తర్వాత మద్యం రక్తంలోకి త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది. అంతకుముందు లేని వ్యసనం రెండో ఏడాది నుంచి మొదలైనవారూ ఉన్నారు.

ఈ సీమ తిండి

స్లీవ్ అయినవారికి గట్టి తిండి కష్టంగా దిగుతుంది. మాంసం, చపాతీ అడ్డం పడినట్టుంటుంది. దాంతో తెలియకుండానే మెత్తనివాటికి అలవాటు పడతారు. అనంతపురం సీమలో అందుకు మొదటి ఉదాహరణ ఉగ్గాణి. బొరుగులను నీళ్లలో తడిపి పిండేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి పోపులో కలిపి, పుట్నాల పొడి చల్లి దించుతారు. పక్కన మిరపకాయ బజ్జి ఉండాల్సిందే. నోట్లో వేసుకుంటే నమలాల్సిన పనే లేదు. కడుపులోనూ నిలవకుండా జారిపోతుంది. ఆపరేషన్ కొలత పెట్టింది ఒకసారి పట్టే తిండికి. గంటకోసారి రోంత రోంత తినేదాన్ని అది ఆపలేదు. ఒక్క పూట కూడా ఎక్కువ తినని మనిషి బరువు పెరగడంలోని రహస్యం చాలాసార్లు ఇదే.

కాఫీ, టీలదీ ఇదే దారి. 100 మి.లీ. పాలు, రెండు చెంచాల పంచదారతో ఒక కప్పు సుమారు 100 కిలోక్యాలరీలు. అంగట్లో కూర్చున్నా, మగ్గం దగ్గర ఉన్నా రోజుకు ఐదుసార్లు తాగితే ఒక పూట భోజనానికి సరిపడా శక్తి ద్రవంగా లోపలికి పోయినట్టే. చింతపండు, మిరపకాయలతో పాటు బెల్లం వ్యాపారానికీ పేరుపడ్డ హిందూపురంలో ఇంకో నమ్మకం బలంగా ఉంది. పంచదార కాదు, బెల్లమే కదా అంటారు. 100 గ్రాముల బెల్లంలో సుమారు 350 కిలోక్యాలరీలు ఉంటాయి. పంచదారకు అది పెద్ద దూరం కాదు.

రాగి సంగటి విషయంలో తీర్పు వేరుగా ఉండాలి. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. ఆపరేషన్ అయినవారికి అది విలువైనది. అయితే మాంసకృత్తులు 7 గ్రాములే. కొద్దిపాటి కడుపును ముందు సంగటితోనే నింపేస్తే పప్పుకు చోటు ఉండదు. వరుస మార్చుకోవాలి. ముందు గుడ్డో, కోడికూరో, పప్పో, ఉడికించిన ఉలవలో తిని, ఆ తర్వాత నిమ్మకాయంత ముద్ద తీసుకోవాలి. రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది సాధారణ సలహా. గుడ్డుకు 6 గ్రాములు. ఎండు ఉలవల్లో నూటికి 22 గ్రాములు. చలికాలంలో పితికిన అనపపప్పు మంచి ఆసరా. పాలు, పెరుగు, పప్పులతోనే గడిపే శాకాహారులకు ఈ లెక్క అందడం కష్టం కాబట్టి ప్రోటీన్ పొడి అవసరం కావచ్చు. ఇక శెనక్కాయలు: పిడికెడు, అంటే 30 గ్రాములు, 7 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఇస్తాయి. వెంట 170 కిలోక్యాలరీలూ వస్తాయి. ఉడకబెట్టినవైనా వేయించినవైనా గిన్నెలో కొలిచి పెట్టుకోవాలి. సంచి ముందు పెట్టుకొని కూర్చోకూడదు.

నీళ్లు రోజుకు కనీసం లీటరున్నర కావాలి. భోజనంతో కలిపి తాగితే తిన్నది త్వరగా దిగిపోతుంది. అరగంట ఎడం ఉంచాలి. ఒక్కపొద్దు ఉండేవాళ్లు, పెనుకొండ, హిందూపురం ప్రాంతాల్లో రంజాన్ రోజా పాటించేవాళ్లు ముందుగా తమ సర్జన్‌తో మాట్లాడాలి. చిన్న కడుపుతో సాయంత్రం ఒక్కసారిగా పగటి లోటు పూడ్చుకోవడం కుదరదు. ఒంట్లో నీళ్లు తగ్గే ప్రమాదం ఎక్కువ. పెళ్ళిళ్లలో నెయ్యి వేసిన ఓళిగ విస్తట్లో పెట్టి, "రోంత తినక్కా, ఏమీ కాదు" అని బలవంతపెట్టే బంధువుల దగ్గర, "నాకు కడుపు ఆపరేషన్ అయింది వదినా, సగమే చాలు" అని దాపరికం లేకుండా చెప్పేయడమే మేలు. దాచిపెట్టినవాళ్లకే బలవంతం ఎక్కువవుతుంది.

పని, నిద్ర

ధర్మవరం పట్టుచీర నేసే గుంతమగ్గం మీద పూటంతా కూర్చోవాలి. పాదాలు తొక్కుడుచెక్కల మీద ఆడుతూనే ఉన్నా తొడల్లో, నడుములో కండ పెంచేంత బరువు వాటికి పడదు. వారానికి కనీసం 150 నిమిషాల నడకతో పాటు రెండు మూడు రోజులు కండకు పని చెప్పాలి. కుర్చీలో నుంచి చేతుల సాయం లేకుండా పది పదిహేనుసార్లు లేచి కూర్చోవడం, నీళ్లసీసాలు ఎత్తి దించడం ఇంట్లోనే చేయవచ్చు. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక ఈ చుట్టుపక్కల షిఫ్టు ఉద్యోగాలు పెరిగాయి. రాత్రి షిఫ్టు నిద్రను, ఆకలి వేళలను తారుమారు చేస్తుంది. అలాంటివారు భోజన వేళలను గడియారం ప్రకారం కాకుండా తాము నిద్ర లేచిన సమయం నుంచి లెక్కించుకోవడం మంచిది.

మందులు, రెండో ఆపరేషన్

తిండి, పని సరిదిద్దినా బరువు ఆగకపోతే మందుల ఆలోచన వస్తుంది. జీఎల్‌పీ-1 తరహా ఇంజెక్షన్లలో టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు తగ్గించే మోతాదులోని సెమాగ్లూటైడ్ అదే ఏడాది జూన్‌లో భారత మార్కెట్‌లోకి వచ్చాయి. ఆపరేషన్ తర్వాత పెరిగిన బరువుకూ ఇవి పనిచేస్తాయి. ఆపేస్తే బరువు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. వాంతులు, వికారం వల్ల అసలే కొంచెం తినే మనిషి ఇంకా తక్కువ తినే ప్రమాదమూ ఉంది. గర్భిణులు, గర్భం కోరుకునేవారు వాడకూడదు. వీటిని మందుల అంగట్లో చెప్పిన మాట మీద మొదలుపెట్టడం తగదు.

రెండో ఆపరేషన్‌కు ముందు ఎండోస్కోపీ, బేరియం ఎక్స్‌రేలతో కడుపు ఆకారం చూస్తారు. ద్వారం వెడల్పయితే నోటి గుండా ఎండోస్కోప్ పంపి కుట్లు వేసి ఇరుకు చేయవచ్చు. స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడం మరో దారి. బరువుతో పాటు ఛాతీలో మంట, పులితేన్పులు తీవ్రంగా ఉన్నవారికి ఇది తగినది. ఫిన్లాండ్‌లో జరిగిన స్లీవ్‌పాస్ అధ్యయనంలో పదేళ్లకు స్లీవ్ అయినవారిలో 31 శాతం మందికి అన్నవాహికలో వాపు కనిపించింది. బైపాస్ అయినవారిలో 7 శాతం మందికే ఉంది. ఏదైనా సరే, రెండో ఆపరేషన్‌లో చిక్కులు మొదటిదాని కంటే ఎక్కువ. కడుపు ఆకారం సరిగ్గానే ఉన్నప్పుడు కత్తికి తొందరపడటం సరికాదు. ఆరోగ్య బీమా కూడా సాధారణంగా బీఎంఐ 40 పైన, లేదా తీవ్రమైన అనుబంధ జబ్బులుంటే 35 పైన ఉన్నవారికే ఈ తరహా ఆపరేషన్ల ఖర్చు భరిస్తుంది. పాలసీ కాగితం ముందే చదువుకోవాలి.

దగ్గరలోనే చేయించుకోగలిగినవి

ప్రతిదానికీ బెంగళూరు వెళ్లనక్కర్లేదు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, విటమిన్ డి, కాల్షియం, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ పరీక్షలకు ఊళ్లోనే రక్తం ఇచ్చి, ఫలితాలను ఫోన్‌లో సర్జన్‌కు పంపవచ్చు. ప్రభుత్వ ఈ-సంజీవని ద్వారా మామూలు సలహాలు ఉచితంగా దొరుకుతాయి. బరువు పెరిగిందంటే పోషకాలు చాలినన్ని అందుతున్నాయని అనుకోకూడదు. లావుగా ఉంటూనే రక్తహీనతతో, బి12 లోపంతో అరికాళ్లు తిమ్మిరెక్కేవారు ఉంటారు. విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఆగని వాంతులతో పాటు కాళ్లలో బలం తగ్గినా, చూపు చెదిరినా, తడబాటు వచ్చినా అది థయమిన్ లోపం కావచ్చు. ఆ రోజే ఆస్పత్రికి చేరాలి. నల్లని విరేచనం, తీవ్రమైన కడుపునొప్పి విషయంలోనూ అంతే.

ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి సారాంశం నకలు ఇంట్లో ఒకటి, ఫోన్‌లో ఒకటి ఉంచుకోవాలి. స్థానిక డాక్టరు దగ్గర "నాకు బైపాస్ అయింది" అంటే గుండె ఆపరేషన్ అనుకునే వీలుంది. కాబట్టి కడుపు బైపాస్ అని విడమరిచి చెప్పాలి. మోకాళ్ల నొప్పికి చీటీ లేకుండా కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు బైపాస్ అయినవారిలో అతుకు దగ్గర పుండు పడేలా చేస్తాయి. వారికి నొప్పి తగ్గించడానికి డాక్టర్లు ముందుగా ఎంచుకునేది పారాసెటమాల్.