కాలువగట్టు మీది నిరీక్షణ: వెల్లంపల్లి బాప్తిస్మాల పునఃపరిశీలన

1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందురోజు 614 మంది, మర్నాడు 700 మంది. ఈ అంకెల్ని ఉజ్జీవానికి రుజువుగా చూపినవారున్నారు. గంజి కోసం మతం మారారని తీసిపారేసినవారూ ఉన్నారు. ఇరుపక్షాలూ పట్టించుకోనిది ఒకటుంది: అంతకుముందు ఆ జనం ఎదురుచూసిన కాలం.

జనం ధాత కరువుగా చెప్పుకున్న ఆ కరువు రోజుల్లో, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. సర్వే పని తెలిసినవాడు. తన బోధకులనే కూలీల మీద మేస్త్రీలుగా పెట్టాడు. పగలంతా పలుగు, పార, మట్టి తట్ట. కూలీలు కాసేపు నడుం వాల్చినప్పుడు బోధకులు పక్కన చేరి, ప్రయాసపడి భారం మోసేవారిని క్రీస్తు తన దగ్గరికి పిలిచిన మాట (మత్తయి 11:28) చెప్పేవారు. అప్పుడే తట్ట దించిన మనిషికి ఆ మాట విప్పి చెప్పే పని లేదు.

బాప్తిస్మం అడిగితే మాత్రం క్లౌ ఒప్పుకోలేదు. సుమారు 15 నెలలు ఎవరికీ ఇవ్వలేదు. కరువు సాయం అందుతున్నంతకాలం అడుగుతున్నది విశ్వాసమో ఆకలో తేల్చలేమని అతని జంకు. సాయం ఆగిపోయాక కూడా జనం వెల్లంపల్లికి తరలివచ్చారు. కృతజ్ఞత, రేపటి ఆసరా మీద ఆశ వాళ్లలో లేవని నేననను. కానీ ఆకలినీ విశ్వాసాన్నీ శత్రువుల్లా నిలబెట్టడం బైబిలుకు తెలియని పద్ధతి. అరణ్యంలో మన్నా తిన్నవాళ్లే వాగ్దాన దేశానికి నడిచారు. పౌలు రోమా పత్రిక నాలుగో అధ్యాయంలో చూపే అబ్రాహాము తన శరీరం ఉడిగిపోయిందని ఎరిగే నమ్మాడు. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం మరీ నిక్కచ్చి: అందులోని విశ్వాసులు వాగ్దాన ఫలం చేతికందకుండానే కన్నుమూశారు. పరిస్థితిని కళ్లారా చూస్తూనే దేవుని మాట మీద నిలబడడం ఈ గ్రంథాలు చెప్పే నిరీక్షణ. 15 నెలలు కాదనిపించుకుని మళ్లీ అడిగినవాళ్లది ఆ కోవే.

ఈ నిరీక్షణ మిషనరీలతో మొదలైందీ కాదు, పరలోకానికే పరిమితమూ కాదు. 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య అంతకుముందే రాజయోగ బోధ విన్న మాదిగ పెద్ద. దేవుణ్ణి వెతకడం ఆయనకు మిషనరీలు నేర్పిన విద్య కాదు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన పుస్తకం ఈ సంగతుల్ని పెద్దల నోటి మాటలుగానే భద్రపరచింది. ఇక ఆ నిరీక్షణ ఈ లోకపు బతుకులోనే కనిపించేది: ఆనాటి పల్లెలో విశ్వాసి అంటే ఆదివారం పనికి పోనివాడు, చచ్చిన గొడ్డు మాంసం ముట్టనివాడు, జాతరలో డప్పు కొట్టనివాడు. ఆ మూడూ మానుకుంటే కూలి తగ్గేది, ఆసాములకు కోపం వచ్చేది. గంజి వాదం చేసేవారు కరువునాటి సాయాన్నే లెక్కేస్తారు. కరువు తీరాక, ఏ సాయమూ లేని ఆదివారాల్లో, అదే కుటుంబాలు వదులుకున్న కూలిని కూడా ఆ లెక్కలో రాయాలి.