'ష్రైవ్' అను క్రియ: ఒప్పుకోలు చరిత్రలో ఒక మాట

సంఘ చరిత్రను ఆంగ్ల గ్రంథములలో చదివే విద్యార్థులకు 'ష్రైవ్' అను క్రియ అరుదుగా ఎదురవుతుంది. గురువు ఒకని పాపపు ఒప్పుకోలును విని, ప్రాయశ్చిత్త క్రియలు విధించి, క్షమాపణ ప్రకటించుట అని దీని భావము. భూతకాలములో ఇది 'ష్రోవ్' అవుతుంది. ఒప్పుకోలు ముగించినవాడు 'ష్రివెన్'.

దీని మూలము 'వ్రాయుట' అను అర్థముగల లాటిన్ క్రియ 'స్క్రీబెరె'. జర్మన్ భాషలో దానినుండి వచ్చిన 'ష్రైబెన్' నేటికీ వ్రాయుట అనే అర్థముతోనే ఉన్నది. ప్రాచీన ఆంగ్లములో మాత్రము అది 'విధించుట'గా మారి, గురువు శిక్ష విధించే పనికి పేరయింది.

1215లో నాలుగవ లాటరన్ మహాసభ, ప్రతి విశ్వాసి సంవత్సరమునకు ఒకసారియైనా తన గురువునొద్ద పాపములు ఒప్పుకోవాలని ఆదేశించింది. ఇంగ్లండులో లెంటుకు ముందు ఒప్పుకొను ఆచారమునుబట్టి భస్మ బుధవారమునకు ముందురోజు 'ష్రోవ్ మంగళవారము' అయింది.

ఈ క్రియకు కర్త గురువు. పాపి కర్మ మాత్రమే. 1526లో విలియం టిండేల్ తన క్రొత్త నిబంధనలో 'ప్రాయశ్చిత్తము చేయుడి' అను వాడుకను విడిచి, మారుమనస్సును తెలుపు 'రిపెంట్' అను క్రియను వాడాడు. ఇక్కడ కర్త పాపియే. ఈ మార్పును థామస్ మోర్ 1529లో తీవ్రముగా విమర్శించాడు. వారి వివాదము ఒక్క మాట గూర్చినది కాదు, క్షమాపణ మార్గమును గూర్చినది.

అయితే సంస్కరణ ఒప్పుకోలును పూర్తిగా తొలగించలేదు. ఆంగ్లికన్ సంఘపు సామాన్య ప్రార్థన గ్రంథము 1549లోను 1662లోను, మనస్సాక్షి భారముతోనున్న రోగి ఒప్పుకొనుటకు, గురువు క్షమాపణ ప్రకటించుటకు స్థానమిచ్చింది.

ఈ క్రియకు చెందిన నామవాచకము 'ష్రిఫ్ట్'. మరణశిక్ష పొందినవాని ఒప్పుకోలుకు ఇచ్చే కొద్దిపాటి సమయమే 'షార్ట్ ష్రిఫ్ట్'. షేక్‌స్పియర్ 'మూడవ రిచర్డ్' నాటకములో ఈ మాట ఆ అర్థముతోనే ఉన్నది. నేడది ఒకరిని పట్టించుకోకుండా పంపివేయుటను సూచిస్తుంది.

ఇది కాపరులమైన మనకు హెచ్చరిక అని మేము తలంచుచున్నాము. క్షమించువాడు దేవుడే, మారుమనస్సు పొందవలసినది పాపియే. అయినను, ఒకరితో ఒకరు పాపములు ఒప్పుకొనుమని యాకోబు పత్రిక 5:16 బోధిస్తున్నది. ఆరాధన ముగిసిన తరువాత కన్నీటితో మనయొద్ద నిలిచినవానికి రెండు నిమిషముల ప్రార్థన చేసి పంపివేసినయెడల, అతనికి మనమిచ్చినది 'షార్ట్ ష్రిఫ్ట్' మాత్రమే. విధించు అధికారము మనకు లేదు. వినవలసిన బాధ్యత ఉన్నది.