రాధికాసాంత్వనం: పరిష్కర్తగా బెంగుళూరు నాగరత్నమ్మ

తెలుగు గ్రంథ పరిష్కరణ చరిత్రలో ఏడాది తేడాతో రెండు పుస్తకాలు అచ్చయ్యాయి. 1909లో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలుగులోకి తెచ్చారు. 1910లో మద్రాసు వావిళ్ళవారు ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని ప్రకటించారు. దాన్ని పరిష్కరించింది బెంగుళూరు నాగరత్నమ్మ. మొదటి పుస్తకం పండితుల మధ్య పెద్ద వివాదం రేపింది. నన్నెచోడుడు నన్నయకు ముందువాడా, తరువాతివాడా అన్న చర్చ ఏళ్ల తరబడి నడిచింది, మానవల్లి పేరు సాహిత్య చరిత్రలో పరిష్కర్తగా స్థిరపడింది. రెండో పుస్తకమూ వివాదం రేపింది, కానీ అది సాహిత్య వేదిక మీద కాక పోలీసు కచేరీలో తేలింది. నాగరత్నమ్మ పేరూ నిలిచింది. అయితే గాయనిగా, తిరువయ్యూరులో త్యాగరాజ సమాధి మందిరం కట్టించిన భక్తురాలిగా, నిషేధాన్ని ఎదుర్కొన్న ధీరగా నిలిచింది. పరిష్కర్తగా ఆమె చేసిన పనిని తూచి చూసినవారు తక్కువ. ఆ పనిని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు కావ్యం సంగతి. ముద్దుపళని తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానానికి చెందిన కవయిత్రి. పాలకులు మరాఠాలైనా నాయకరాజుల నాటి తెలుగు సాహిత్య వాతావరణం అక్కడ ఇంకా చెదరలేదు. ఆ వాతావరణంలో స్త్రీలు అరుదైన అతిథులు కారు. రఘునాథ నాయకుని కొలువులో రామభద్రాంబ సంస్కృతంలో రఘునాథాభ్యుదయం రాసింది. విజయరాఘవ నాయకుని కాలంలో రంగాజమ్మ మన్నారుదాస విలాసం, ఉషాపరిణయం రచించి కనకాభిషేకం పొందింది. అంటే ముద్దుపళని కలం పట్టేనాటికి ఆ ఊళ్లో స్త్రీల రచనకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. రాధికాసాంత్వనం 584 గద్యపద్యాల నాలుగాశ్వాసాల శృంగార ప్రబంధం. శుకుడు జనకునికి చెబుతున్నట్టుగా కథ నడుస్తుంది. తాను పెంచి పెద్దచేసిన ఇళాదేవిని రాధే కృష్ణునికిచ్చి పెళ్లి చేస్తుంది, నవదంపతులిద్దరికీ తానే బుద్ధులు చెబుతుంది. తీరా ఆ తరువాత విరహం భరించలేక, అలిగి, కృష్ణుని చేత బతిమాలించుకుంటుంది. కథ ఇంతే. వయసులో పెద్దదైన స్త్రీ ఈర్ష్యనూ కోరికనూ దాచకుండా ఆమె వైపు నుంచే పలికించడం ఇందులోని కొత్తదనం. జయదేవుని అష్టపదులనూ, ఆండాళ్ తిరుప్పావైనీ తెలుగు చేసింది కూడా ఈ ముద్దుపళనే. ఆమెను కేవలం శృంగార కవయిత్రిగా చూసేవారు ఈ సంగతి మరిచిపోతారు.

ఈ కావ్యాన్ని తలిచినప్పుడల్లా చర్చ శృంగార పద్యాల చుట్టూ తిరుగుతుంది. నా దృష్టిలో చరిత్రకారులకు అంతకన్నా విలువైన భాగం అవతారిక. మన ప్రబంధాల అవతారికల్లో కవి వంశం సాధారణంగా తాత, తండ్రి, అన్నదమ్ముల వరుసలో సాగుతుంది. తల్లి పేరు ఒక పాదంలో వచ్చి పోతుంది. ముద్దుపళని అవతారికలో వంశమంటే ప్రధానంగా స్త్రీలు. విదుషీమణి అయిన అవ్వ తంజనాయకిని గొప్పగా తలుచుకుంటుంది. ఆపైన తన అందాన్ని, పాండిత్యాన్ని, తాను కవులను సత్కరించిన తీరును, తనకు కృతులు అంకితమైన సంగతిని సంకోచం లేకుండా చెప్పుకుంటుంది. కవులు తమను తాము పొగడుకోవడం మనకు కొత్త కాదు. ఒక స్త్రీ కృతిభర్త స్థానంలో నిలబడి, ఆ సంగతిని తన కావ్యంలోనే రాసుకోవడం మాత్రం అరుదు. విద్య ఇంటి ఆడవాళ్ల చేతుల మీదుగా ఎలా దిగివచ్చిందో, ఆ విద్యతో ఎటువంటి హోదా, ఎంత సంపద సమకూరేవో చెప్పే ప్రత్యక్ష సాక్ష్యం ఇది.

1887లో పైడిపాటి వెంకటనరసు వ్యాఖ్యానంతో వెలువరించిన ముద్రణలో లేకుండా పోయింది సరిగ్గా ఈ సాక్ష్యమే. ఆయన సి.పి. బ్రౌన్ పరివారానికి చెందిన పండితుడు. అవతారికను విడిచిపెట్టారు, మరికొన్ని పద్యాలనూ తొలగించారు. పద్యాల తొలగింపుకు కారణం ఊహించవచ్చు. వంశక్రమంలో అశ్లీలమేముంది? అది పోవడంతో కవయిత్రి పేరుగా మాత్రమే మిగిలింది. ఆమె వెనుక ఉన్న ఇల్లూ, గురువులూ, చదువూ కనుమరుగయ్యాయి. శృంగార పద్యాలు ఎత్తేస్తే కావ్యానికి లోటు. అవతారిక ఎత్తేస్తే చరిత్రకే లోటు.

ఆ లోటు పూడ్చడానికి నాగరత్నమ్మకున్న అర్హతలేమిటి? ఆమె 1878లో మైసూరు ప్రాంతంలోని నంజనగూడులో కళావంతుల కుటుంబంలో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి. చిన్ననాడే సంస్కృతం, సంగీతం, నాట్యం నేర్చింది. కన్నడం, తెలుగు, తమిళం, ఇంగ్లీషు భాషలు వచ్చు. మద్రాసు చేరి కచేరీలతో పేరూ డబ్బూ గడించింది. పేరుకు ముందు ‘విద్యాసుందరి’ బిరుదు పెట్టుకునేది. ఈ చదువు విశ్వవిద్యాలయ పట్టాగా మారదు కాబట్టి సాహిత్య చరిత్రకారులు దీన్ని లెక్కలోకి తీసుకోలేదు. కానీ పరిష్కర్తకు కావలసింది ఛందోజ్ఞానం, ప్రబంధ భాషలో ప్రవేశం, అభినయించే పదానికీ చదివే పద్యానికీ తేడా పట్టగల చెవి. శృంగార పద్యాన్ని పాడి, అభినయించి, అర్థం విప్పే సంప్రదాయంలో పెరిగిన మనిషికి ఈ మూడూ వృత్తిలో భాగంగానే అబ్బుతాయి. మద్రాసులో అదే రోజుల్లో తెలుగు కావ్యాలు పరిష్కరిస్తున్న పలువురు పండితులకు ఈ మూడోది లేదని నా అభిప్రాయం.

ఆమె చేసిన పని పద్ధతి ప్రకారమే సాగింది. ముద్దుపళని ప్రస్తావన చూసి పుస్తకం కోసం వెతికింది. కష్టపడి అచ్చుప్రతి సంపాదించింది. తరువాత రాతప్రతి దొరకగా రెంటినీ పోల్చి, అచ్చులో లోపించినవి గుర్తించి, వాటిని యథాస్థానంలో చేర్చి, పీఠిక రాసి ప్రకటించింది. పాత ప్రతిలో దోషం చూపి, మూలానికి దగ్గరగా కొత్త ప్రతి సిద్ధం చేయడమే కదా పరిష్కరణ అంటే. మానవల్లి చేసినా, వేటూరి ప్రభాకరశాస్త్రి చేసినా పని స్వభావం అదే.

పీఠికలో ఆమె తలపడింది మామూలు మనిషితో కాదు. కందుకూరి వీరేశలింగం ఆంధ్రకవుల చరిత్రంలో ముద్దుపళని భాషాపాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, ఆమె వృత్తిని ఎత్తి దూషించి, ఈ కావ్యంలోని భాగాలు స్త్రీలు వినదగనివని తీర్పు చెప్పారు. నాగరత్నమ్మ జవాబు సూటిగా ఉంది. సిగ్గూ ఔచిత్యమూ ఆడవాళ్లకే గాని మగకవులకు వర్తించవా అని అడిగింది. వేశ్య విప్రనారాయణుని వలలో వేసుకునే కథ గల వైజయంతీ విలాసం కందుకూరివారి ఆమోదం పొందింది కదా, దానికి లేని దోషం దీనికెక్కడిదని నిలదీసింది. ఈ వాదాన్ని నేటి పాఠకులు స్త్రీవాదంగా చదువుతారు, తప్పు లేదు. అయితే పరిష్కర్త దృష్టితో చూస్తే ఇది గ్రంథ నిర్ణయానికి సంబంధించిన వాదం కూడా. ఏ పద్యాన్ని తీసెయ్యాలన్నది కర్త ఎవరన్నదాన్ని బట్టి మారకూడదన్నది ఆమె సూత్రం. తన కులానికి చెందిన స్త్రీ రచన గనుక దీన్ని ప్రకటించే బాధ్యత తనదని కూడా ఆమె చెప్పుకుంది. వంశక్రమం తొలగించిన చోట, ఆమె ఆ వరుసలో తననూ నిలుపుకుంది.

కందుకూరిని ఇక్కడ ప్రతినాయకుణ్ణి చేయడం నాకు ఇష్టం లేదు. 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన మనిషి ఆయన. స్త్రీవిద్య కోసం ఆయన పడ్డ పాటు చిన్నది కాదు. ముద్దుపళని పేరును కవుల చరిత్రలో చేర్చిందీ ఆయనే. చిక్కల్లా ఆ సంస్కరణ ఊహించిన చదువుకున్న స్త్రీ గృహిణి కావడంలో ఉంది. అప్పటికే తరతరాలుగా చదువుకుని, సంపాదించుకుని, ఆస్తి మీద హక్కు కలిగి ఉన్న కళావంతుల స్త్రీలకు అందులో చోటు దొరకలేదు. భోగం మేళాలకు వ్యతిరేకంగా 1890ల నుంచి నడిచిన ఉద్యమంలో ఆయన ముందువరసలో ఉన్నారు. ఆ వృత్తిలోని దోపిడీ నిజమే. దానితో పాటు ఆ వృత్తి నిలబెట్టుకున్న విద్య కూడా నేరంగా మారిపోవడం ఈ కథలోని విషాదం.

1911లో కథ పోలీసుల చేతికి వెళ్లింది. శశిలేఖ పత్రిక, రాసిందీ పరిష్కరించిందీ వేశ్యలేనన్న ధోరణిలో పుస్తకాన్ని నిందించింది. ప్రభుత్వ అనువాదకుడు గోటేటి కనకరాజు పంతులు అభ్యంతరకరమనిపించిన భాగాలను ఇంగ్లీషులోకి మార్చారు. ఆ అనువాదం ఆధారంగా ప్రతులు స్వాధీనమయ్యాయి, ప్రకాశకుల మీద అభియోగం వచ్చింది. పండితులు ప్రభుత్వానికి వినతులు పంపినా ఫలం లేకపోయింది. ఎంపిక చేసిన ముక్కల అనువాదం చదివి ఒక ప్రబంధాన్ని తీర్పు తీర్చడం ఎంత అన్యాయమో ప్రబంధ పరిచయం ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. అంతకన్నా బరితెగించిన పురుష కవుల యక్షగానాలూ, శతకాలూ, ప్రబంధాలూ అప్పటికే చేతులు మారుతున్నాయి.

టంగుటూరి ప్రకాశం పంతులు చొరవతో 1947లో నిషేధం తొలగింది. దేవదాసీలుగా బాలికలను అంకితమివ్వడాన్ని మద్రాసు ప్రభుత్వం చట్టంతో ఆపిందీ ఆ ఏడాదే. పుస్తకానికి విడుదల, దాన్ని పుట్టించిన వ్యవస్థకు ముగింపు ఒకేసారి వచ్చాయి. అంతకు రెండు దశాబ్దాల ముందు, ముత్తులక్ష్మీరెడ్డి శాసనసభలో ఈ విషయం ఎత్తినప్పుడు, తమ సంఘం తరఫున అభ్యంతరం చెప్పినవారిలో నాగరత్నమ్మ ఉంది. ఆమె వైఖరిని సమర్థించాలా వద్దా అన్నది వేరే చర్చ. తమ విద్య విలువ ఏమిటో తమ నోటితోనే చెప్పుకోవాలన్న పట్టుదల మాత్రం 1910 పీఠికలోనూ, ఆ అభ్యంతరంలోనూ ఒకటే.

తిరువయ్యూరు పనిని కూడా నేను ఈ వరుసలోనే చూస్తాను. 1847లో సిద్ధి పొందిన త్యాగరాజస్వామి సమాధి శిథిలమై ఉంటే, కచేరీల మీద గడించిన సొమ్ముతో 1921లో శంకుస్థాపన చేయించి 1925 నాటికి మందిరం నిలిపింది. అక్కడ ఆరాధనలో స్త్రీలు పాడకూడదన్నారు. ఆమె 1927 నుంచి మహిళల బృందంతో వేరుగా ఆరాధన నడిపింది, 1940ల తొలినాళ్లలో విడివిడిగా ఆరాధన జరిపే వర్గాలన్నీ కలిసే దాకా విడిచిపెట్టలేదు. త్యాగరాజ అష్టోత్తర శతనామావళి కూర్చింది కూడా ఆమే. ఒక తెలుగు వాగ్గేయకారుని సమాధినీ, ఒక తెలుగు కవయిత్రి అవతారికనూ చెడిపోకుండా కాపాడి, తరువాతివారికి అప్పగించింది ఒకే మనిషి. మొదటిదానికి గుడి సాక్ష్యం ఉంది. రెండోదానికి ముఖపత్రం మీది పేరే సాక్ష్యం.

వావిళ్ళవారు రాధికాసాంత్వనాన్ని 1952లో మళ్లీ అచ్చువేశారు. ఆ ఏడాది మే 19న నాగరత్నమ్మ కన్నుమూసింది. 1991లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో భారతీయ స్త్రీల రచనల సంకలనం వచ్చిన తరువాత ఈ ఉదంతం దేశమంతటా చర్చకు వచ్చింది. అయినా తెలుగులో గ్రంథ పరిష్కరణ చరిత్ర రాసేటప్పుడు బ్రౌన్ నుంచి మానవల్లి, వేటూరిల దాకా నడిచే వరుసలో ఆమెకు చోటు దక్కడం లేదు. రాధికాసాంత్వనం మీద సిద్ధాంత వ్యాసాలు రాసే పరిశోధకులకు ఒక విన్నపం: ఈ కావ్యాన్ని ఉదహరించిన ప్రతిచోటా 1910 ప్రతిని నాగరత్నమ్మ పరిష్కరణగా పేర్కొనండి, 1887 ప్రతితో దాన్ని పద్యానికి పద్యం పోల్చి పాఠభేదాల పట్టిక తయారుచేయండి.