పొగ మానిపించిన నలుగురు

మావారు సిగరెట్లు మానడం మా ఇంట్లో ఉగాది పచ్చడి లాంటిది. ఏటేటా ఉండేది, ఆ ఒక్కరోజే ఉండేది. పొద్దున్నే తలంటి పోసుకుని, దేవుడి గదిలో నిలబడి, "ఈ క్షణం నుంచీ ముట్టను" అనేవారు. పంచాంగ శ్రవణం పూర్తయ్యేసరికి వీధి చివర కిళ్ళీకొట్టు వైపు ఏదో అర్జంటు పని తగిలేది.

నేను ఊరుకున్నానా? చొక్కా జేబులు వెతికాను. అగ్గిపెట్టెలు దాచాను. పిల్లల మీద ఒట్టు వేయించుకున్నాను. పుట్టింటికి పోతానని బెదిరించాను. తీరా జరిగిందేమిటంటే, అంతవరకూ వరండాలో పడక్కుర్చీ వేసుకుని దర్జాగా కాల్చే మనిషి, మేడమెట్ల కింద నక్కి కాల్చడం మొదలుపెట్టారు. సిగరెట్టు మానలేదు గానీ, అబద్ధమాడడం మాత్రం బాగా అలవాటైంది.

నా సాధింపు అందరికీ వినబడింది. దాని వెనకాల ఉన్న భయం ఎవరికీ కనబడలేదు. మా మామగారు జీవితమంతా చుట్టలు కాల్చి, చివరి మూడేళ్ళూ కూర్చునే నిద్రపోయారు. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. అర్ధరాత్రి ఆ దగ్గు వింటూ లేచి, వేడినీళ్ళు పెట్టిచ్చినదాన్ని నేనే. కొడుకు గొంతులో అదే దగ్గు మొదలైన రోజున నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

చివరికి ఆయన చేత మానిపించింది నేను కాదు, నా ఒట్లూ కావు. ఆఫీసులో ఆయన పక్క సీటు గుమాస్తా. ఇద్దరూ ఒకే పెట్టెలోంచి పంచుకు కాల్చేవారు. ఆ అబ్బాయికి పాప పుట్టింది. "గురువుగారూ, పసిపిల్లని ఎత్తుకోవాలంటే ఇంట్లో వాళ్ళు నోరు కడుక్కు రమ్మంటున్నారండీ. మనిద్దరం కలిసి మానేద్దామా?" అన్నాడట. అంతే. ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. మనసు లాగినప్పుడు ఒకరికొకరు చెప్పుకోవాలి, తప్పితే దాచకూడదు. ఇది జరిగి ఇరవై ఏళ్ళు కావస్తోంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మొదట నాకు కాస్త ఉక్రోషం వచ్చింది. పెళ్ళాం మాట కన్నా పక్క సీటు వాడి మాట ఎక్కువైందా అని. తరవాత తరవాత, దొరికిన పుస్తకాలు చదువుతుంటే అర్థమైంది. పొగ మాన్పించడంలో నేను చేసిన పొరపాటే పెద్ద పెద్ద చక్రవర్తులూ చేశారు.

పొగాకు పుట్టిల్లు అమెరికా ఖండం. మన దేశానికి తెచ్చింది పోర్చుగీసు వర్తకులు. అక్బరు చివరి రోజుల్లో అసద్ బేగ్ అనే ఉద్యోగి బీజాపూరు నుంచి కాస్త పొగాకూ, రాళ్ళు పొదిగిన ఒక గొట్టమూ తెచ్చి పాదుషా ముందు పెట్టాడు. అక్బరు సరదాపడి రెండు మూడు దమ్ములు లాగాడు. ఆస్థాన వైద్యుడు వద్దన్నాడు. మన గ్రంథాల్లో లేని మందు, దీని గుణం మనకి తెలియదు అని ఆయన వాదన. ఫరంగీలు తెలివైనవాళ్ళు, ఊరికే తాగుతారా అని అసద్ బేగ్ వాదన. సభ అయ్యాక పొగాకే గెలిచింది. అక్బరు మళ్ళీ ముట్టలేదు గానీ, కొలువులోని ప్రభువులంతా ఎగబడ్డారు.

అక్బరు పోయిన పన్నెండేళ్ళకి, 1617లో, కొడుకు జహంగీరు పొగాకు తాగకూడదని ఫర్మానా జారీచేశాడు. ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు అంతకు ముందే, 1604లో, పొగాకుని తిట్టిపోస్తూ స్వయంగా ఒక పుస్తకం రాశాడు. దిగుమతి సుంకం విపరీతంగా పెంచాడు. ఇంత చేసినా అక్కడా మానలేదు, ఇక్కడా మానలేదు. ఒకరు ఫర్మానా ఇచ్చారు, ఒకరు తిట్టారు, నేను అగ్గిపెట్టె దాచాను. "నీకు మానాలని ఉందా? ఉంటే నేనేం సాయం చెయ్యను?" అని మాలో ఒక్కరమూ అడగలేదు.

మన తెలుగుదేశం సంగతి వేరే చెప్పాలా! గురజాడవారి 'కన్యాశుల్కం' గిరీశానికి చుట్ట లేకపోతే గిరీశమే లేడు. గుంటూరు సీమలో వర్జీనియా పొగాకు ఎన్ని ఇళ్ళకి మేడలు కట్టించిందో, ఎందరు ఆడకూలీలు బ్యారన్ల దగ్గర ఆకు కట్టి పిల్లలకి అన్నం పెట్టుకున్నారో ఆ ప్రాంతం వాళ్ళకి తెలుసు. కేంద్ర ప్రభుత్వం పొగాకు బోర్డు పెట్టినప్పుడు, 1976లో, దాన్ని గుంటూరులోనే పెట్టింది. అంచేత ఈ ఆకుని ఊరికే తిట్టిపోయడానికి నాకు నోరు రాదు. అన్నం పెట్టిన చెయ్యే ఊపిరి తీస్తుంటే ఏమనగలం?

పొగ మగవాళ్ళ వ్యవహారమేననుకుంటారు చాలామంది. నా చిన్నతనం శ్రీకాకుళం జిల్లాలో గడిచింది. మా ఇంటికి పాలు పోసే ముసలమ్మ నోట్లో చుట్ట పెట్టుకుని వచ్చేది. అయితే నిప్పు కనబడేది కాదు. నిప్పున్న కొస నోటి లోపల, చల్లటి కొస బయట! అడ్డచుట్ట అంటారు. చుట్ట తియ్యకుండానే మాటలాడేది, పాలు కొలిచేది, బేరం ఆడేది. నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని.

"కాలదా?" అని అడిగాను ఒకరోజు.

"అలవాటైపోతే ఏటి కాల్తాది పాపా! గాలికి ఆరిపోదు, సంటిపిల్ల మీద నుసి రాలదు" అంది.

ఆ మాట నాకిప్పటికీ మనసులో ఉండిపోయింది. పిల్ల మీద నుసి పడకూడదని నిప్పు తన నోట్లో పెట్టుకున్న ఆడది! ఆ నిప్పు అంగిట్లో ఏం చేస్తుందో ఆవిడకి చెప్పిన వాళ్ళు లేరు. అంగిలి తెల్లబారుతుంది, మచ్చలు వస్తాయి, కొందరికి అదే పుండై, కాన్సరవుతుంది. మామూలుగా పొగతాగేవాళ్ళలో అంగిటి కాన్సరు అరుదు. అడ్డచుట్ట కాల్చే మన కోస్తా ఆడవాళ్ళలో అది ఎక్కువగా కనబడడం చూసి, విశాఖపట్నం డాక్టర్లు దాని గురించి ప్రపంచానికి తెలిసేలా రాశారు.

ఆ డాక్టర్ల తరవాత బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌కి చెందిన దంతవైద్య పరిశోధకులు రంగంలోకి దిగారు. ఫాలీ మెహతా, డెన్మార్కు దేశస్థుడు పిండ్‌బోర్గ్ ఆ బృందంలో పెద్దలు. కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్, మన శ్రీకాకుళం — ఈ మూడు జిల్లాల పల్లెల్లో పొగాకు వాడే 36,000 మందికి పైగా జనాన్ని ఎంచుకున్నారు. ఇంటింటికీ వెళ్ళి, నోరు పరీక్ష చేసి, ఎవరికి వాళ్ళకి విడివిడిగా, వాళ్ళ నోట్లో ఏముందో చెప్పారు. సినిమాలు చూపించారు, రేడియోలో చెప్పించారు. మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళారు. ఆ పై ఏడూ వెళ్ళారు. 1986లో 'లాన్సెట్' అనే లండన్ వైద్యపత్రికలో ఫలితాలు అచ్చయ్యాయి. ప్రత్యేకంగా ఏ ప్రచారమూ జరగని రోజులతో పోలిస్తే, మానినవాళ్ళూ, తగ్గించినవాళ్ళూ ఎక్కువయ్యారు. నోట్లో కొత్తగా తెల్లమచ్చలు రావడం తగ్గింది. మానినవాళ్ళకి ఉన్న మచ్చలే చాలావరకు మాసిపోయాయి.

ఇందులో నాకు నచ్చింది మందూ మాకూ కాదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళడం. ఒక మనిషి గుమ్మంలోకొచ్చి, "అమ్మా, నోరెలా ఉంది? చుట్ట తగ్గిందా?" అని అడగడం. మా పాలమ్మ గుమ్మంలోకి అలా ఎవరైనా వెళ్ళారో లేదో. వెళ్ళి ఉంటే బాగుండునని మాత్రం ఎప్పుడూ అనుకుంటాను.

చదువుకున్న దేశాల్లో నిజం తెలిస్తే చాలు మానేస్తారనుకున్నారు. 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు ఇంగ్లీషువారు ఊపిరితిత్తుల కాన్సరుకీ సిగరెట్టుకీ ఉన్న సంబంధాన్ని లెక్కలతో సహా చూపించారు. ఆ లెక్కలు చూసి డాల్‌గారే సిగరెట్టు మానేశాడు. 1964 జనవరి 11న అమెరికా ప్రభుత్వ సర్జన్ జనరల్ పెద్ద నివేదిక ప్రకటించాడు. లక్షలమంది భయపడ్డారు. చాలామంది మానారు కూడా. కాని భయపడీ మానలేక కుమిలినవాళ్ళు అంతకంటే ఎక్కువ. నికొటిన్ అనే పదార్థం మెదడుకి అలవాటు పడుతుంది. అది అందని మొదటి కొద్ది రోజులూ చిరాకు, నిద్రలేమి, మనసు నిలవకపోవడం. లాగుడు వచ్చినప్పుడు నిజానికి అది కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలూ పక్కన ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న.

దీన్ని ముందే కనిపెట్టినవాళ్ళు అమెరికాలో ఇద్దరు. ఒకరు డాక్టరు, వేన్ మెక్‌ఫార్లండ్. ఒకరు చర్చి పాస్టరు, ఎల్మన్ ఫోకెన్‌బర్గ్. 1960 ప్రాంతాల్లో ఐదు రోజుల పథకం ఒకటి మొదలుపెట్టారు. వరసగా ఐదు సాయంత్రాలు మానదలచినవాళ్ళంతా ఒకచోట చేరాలి. డాక్టరు ఒంటి గురించీ, పాస్టరు మనసు గురించీ చెబుతారు. నీళ్ళు బాగా తాగమంటారు, కాఫీ మానమంటారు, భోజనమయ్యాక కుర్చీలో కూలబడకుండా నడవమంటారు. ముఖ్యమైన సంగతేమిటంటే, ప్రతి మనిషికీ ఒక జతగాణ్ణి కుదురుస్తారు. ప్రాణం లాగితే అతనికి ఫోను చెయ్యాలి. మావారూ, ఆ గుమాస్తా అబ్బాయీ ఏ పుస్తకమూ చదవకుండానే ఇదే పని చేశారు.

1970లో మసాచుసెట్స్ రాష్ట్రంలో రాండాల్ఫ్ అనే ఊళ్ళో ఆర్థర్ ముల్లేనీ అనే ఆయన ఇంకో ఉపాయం చెప్పాడు. ఒక్కరోజు సిగరెట్టు మానండి, ఆ డబ్బు హైస్కూలు పిల్లల స్కాలర్‌షిప్పుకి ఇవ్వండి అన్నాడు. జన్మంతా మానమంటే గుండె ఆగుతుంది గాని, ఒక్కరోజంటే ఎవరికి కష్టం? 1974లో మిన్నెసోటాలో మాంటిసెల్లో అనే చిన్న ఊళ్ళో లిన్ స్మిత్ అనే పత్రికా సంపాదకుడు తన ఊరి వాళ్ళందరి చేతా అలాంటి రోజే పాటింపజేశాడు. 1976 నవంబరులో కాలిఫోర్నియా రాష్ట్రం, మరుసటి ఏడు అమెరికా అంతా ఆ పద్ధతి అందుకున్నాయి. మన ఏకాదశి ఉపవాసం లాంటిదే. ఒక్కళ్ళమే చేస్తే ఆకలి, ఇంటిల్లిపాదీ చేస్తే పండుగ.

ఇక అసలు ముచ్చట. అదే మసాచుసెట్స్‌లో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరి వాళ్ళ ఆరోగ్యాన్ని డాక్టర్లు దశాబ్దాల తరబడి కనిపెట్టి చూస్తూ వచ్చారు. 1971 నుంచి 2003 వరకు 12,067 మంది లెక్కలు తీసి, క్రిస్టాకిస్, ఫౌలర్ అనే ఇద్దరు 2008లో ఒక వ్యాసం రాశారు. భార్యాభర్తల్లో ఒకరు మానితే రెండోవారు కాల్చే అవకాశం 67 శాతం తగ్గిందట. స్నేహితుడు మానితే 36 శాతం. చిన్న ఆఫీసుల్లో తోటి ఉద్యోగి మానితే 34 శాతం. తోబుట్టువు మానితే 25 శాతం. జనం ఒక్కొక్కరుగా కాదు, గుంపులు గుంపులుగా మానారని వాళ్ళు తేల్చారు.

ఆ 67 చదివి నేను మురిసిపోబోయాను. అంతలో నవ్వొచ్చింది. నేను ఏనాడూ కాల్చలేదు కదా, ఇంక మానేదెక్కడ! నా వాటా 67 నాకు దక్కే దారి లేక, 34 శాతం గుమాస్తా ఆ పుణ్యం కొట్టేశాడన్నమాట.

అయినా నాకూ ఒక పని దొరికింది. మావారు మానిన పన్నెండో రోజున, తలవంచుకుని ఇంటికొచ్చారు. "ఇవాళ ఒకటి కాల్చాను. వాడికి చెప్పేశాను, నీకూ చెబుతున్నాను" అన్నారు. పాత నేనయితే ఆ రాత్రి ఇంట్లో కురుక్షేత్రమే. ఆ రోజు మాత్రం నాకు ఒక్క సంగతే తోచింది. మేడమెట్ల కింద దాక్కునే మనిషి ఎదురుగా నిలబడి నిజం చెప్పారు. "పోనీలెండి, పదకొండు రోజులు ఎక్కడికీ పోలేదుగా" అన్నాను. ఆయన నా మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయారు. ఆ మర్నాటి నుంచీ సాయంత్రం కాఫీ బదులు మజ్జిగ ఇచ్చాను, ఎందుకంటే కాఫీ వెనకే సిగరెట్టు గుర్తొస్తుందన్నారు. భోజనమయ్యాక ఇద్దరం నాలుగు వీధులు తిరిగొచ్చేవాళ్ళం. పెళ్ళయిన కొత్తలో కూడా మేమంత నడవలేదు.

మన దేశంలో 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో పొగాకు మాన్పించే క్లినిక్కులు 13 తెరిచారు. 2008 అక్టోబరు 2, గాంధీ జయంతినాటి నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడంపై నిషేధం గట్టిగా అమలులోకొచ్చింది. 2016 నుంచి, మానదలచినవాళ్ళు డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేసి మాట్లాడుకునే ఏర్పాటు కూడా ఉంది. పక్క సీట్లో గుమాస్తా లేనివాళ్ళకి ఆ గొంతే జతగాడు. ఇంట్లో ఎవరైనా మానాలని తంటాలు పడుతుంటే, మనం జేబులు వెతకడం మాని, ఆ జతగాణ్ణి వెతికిపెడితే పుణ్యం.

ఆ పసిపాప ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. పండగకి వాళ్ళ నాన్నతో మా ఇంటికొస్తుంది. మావారి సిగరెట్టు నుసి గిన్నె ఇప్పటికీ వరండా బల్ల మీదే ఉంది, కంచుది కదా అని పారెయ్యలేదు. అందులో సోంపు పోసి పెడతాను. తండ్రీ, మావారూ చెరో గుప్పెడూ నోట్లో వేసుకుని, ఎవరు ముందు మానారన్న విషయం మీద ఏటేటా పోట్లాడుకుంటారు. నేను మాత్రం ఎవరి పక్షమూ మాట్లాడను. మళ్ళీ సోంపు పోస్తానంతే.