పాత మోటారు సైకిలు – సికింద్రాబాదు మరమ్మతు విద్య

ఉద్యోగంలో చేరిన తొలి పదేళ్లలో సంపాదించుకున్న పెద్ద ఆస్తి ఏమిటని అడిగితే మన తరంలో చాలామంది చెప్పే జవాబు "బండి". ఇల్లు రిటైర్మెంటు డబ్బు వస్తే గాని పూర్తయ్యేది కాదు. చేతి గడియారం మామగారు పెట్టినది. మోటారు సైకిలు మాత్రం ఆఫీసులో అడ్వాన్సు తీసుకుని, నెలనెలా జీతంలో కోత పెట్టించుకుని కొన్నది. అందుకే దానిని ఇరవై, పాతికేళ్లు వదల్లేదు. పిల్లల బడి, మోండా మార్కెట్ కూరగాయలు, గ్యాసు సిలిండరు, అర్ధరాత్రి ఆసుపత్రి ప్రయాణం, అన్నీ దాని మీదే. మీటరులో అయిదు తొమ్మిదులు పడి మళ్లీ సున్నాలకు తిరిగిన బండ్లు ఈ జంటనగరాలలో ఎన్నో ఉండేవి.

ఆ బండ్లు అంతకాలం నడవడం కేవలం కంపెనీల గొప్పతనం కాదు. జబ్బేమిటో కనిపెట్టి, దానికి తగిన మందు మాత్రమే వేసే విద్య ఒకటి ఈ ఊళ్లో ఉండేది. ఆ విద్య ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా పనిచేసేది అన్నది మన పిల్లలకు చెప్పవలసిన చరిత్రే.

కంటోన్మెంటు నీడలో

1806లో కంటోన్మెంటుగా వెలసిన సికింద్రాబాదులో యంత్రాలతో పరిచయం పాతది. 1893లో లాలాగూడ రైల్వే వర్క్‌షాపు వచ్చింది. 1943లో కవాడిగూడలో ప్రాగా టూల్స్ మొదలైంది. సైన్యంలో వాహనాల మరమ్మతు చూసే ఇ.ఎం.ఇ. కోర్ కూడా 1943లోనే ఏర్పడింది. దాని శిక్షణ కేంద్రం ఒకటి సికింద్రాబాదులోనూ, మిలటరీ కాలేజీ తిరుమలగిరిలోనూ ఉన్నాయి. ఫిట్టరు, టర్నరు, వెల్డరు అన్న మాటలు ఇక్కడ ఇంటింటి మాటలు కావడంలో ఆశ్చర్యం లేదు. లేతు మిషను మీద నూలుపోగంత తేడా పట్టగలవాళ్లు ఉన్నచోటే పాత ఇంజనుకు ఆయుష్షు ఉంటుంది.

ఇక విడి భాగాలకు రాణిగంజ్. పిస్టను, రింగులు, క్లచ్ ప్లేట్లు, చైన్ స్ప్రాకెట్లు, ఆయిల్ సీళ్లు, ఏది కావాలన్నా అక్కడికే వెళ్లేవాళ్లం. పాత భాగాన్ని గుడ్డలో చుట్టి పట్టుకెళ్లి, కౌంటరు మీద కొత్తదాని పక్కన పెట్టి కొలత చూసుకునేవాళ్లం.

మూడు బండ్లు, మూడు స్వభావాలు

మన కాలంలో మోటారు సైకిలంటే ముఖ్యంగా మూడు. మొదటిది బుల్లెట్. 1952లో మన సైన్యం మద్రాస్ మోటార్స్ ద్వారా బుల్లెట్లకు ఆర్డరు ఇచ్చింది. 1955లో ఇంగ్లండు కంపెనీ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ పెట్టింది. 1970కల్లా ఇంగ్లండులో తల్లి కంపెనీ మూతపడింది గాని బిడ్డ ఇక్కడ బతికింది. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు గల ఫోర్ స్ట్రోక్ ఇంజను అది. నిదానంగా, బరువుగా కొట్టుకుంటుంది.

రెండవది మైసూరులోని ఐడియల్ జావా 1961 నుంచి తయారుచేసిన జావా, ఆ తరువాత దాని తమ్ముడు యెజ్డీ. 250 సి.సి. టూ స్ట్రోకు, రెండు సైలెన్సర్లు, కిక్కుకూ గేరుకూ ఒకటే రాడ్డు. 1996లో ఆ ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆగిపోయింది. మూడవది ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్. పోలండు దేశపు నమూనా మీద తయారైన 173 సి.సి. బండి. పల్లెటూళ్లలో పాలక్యానులు మోసిన బండి కూడా అదే.

కొత్త బండి కొనడం అప్పట్లో తేలిక కాదు. డబ్బు కూడాలి, కొన్ని బండ్లకు బుక్ చేసుకుని వరస కోసం కాచుకోవాలి. కనుక ఉన్నదానిని బాగుచేయించుకోవడం తప్ప మార్గం లేదు. మంచి మిస్త్రీలను తయారుచేసినది ఆ కొరతే.

జబ్బు కనిపెట్టే వరస

మంచి ఉస్తాదు బండి రాగానే పానా పట్టేవాడు కాదు. ముందు మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఎప్పటి నుంచి? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? దీనికి ముందు ఎవరైనా విప్పారా? పాత రోజుల డాక్టరు నాడి పట్టుకునే ముందు అడిగిన ప్రశ్నల వంటివే ఇవి.

తరువాత చూసేవి మూడు: పెట్రోలు, కరెంటు, కంప్రెషన్. ఈ మూడూ సరిగా ఉన్న ఇంజను మొరాయించదు. పెట్రోలు పైపు తీసి ధార చూడాలి. ప్లగ్గు విప్పి ఇంజను తలకు ఆనించి, కిక్కు కొట్టి నిప్పురవ్వ చూడాలి. కిక్కు రాడ్డును చేత్తో నొక్కితే ఎదురు తన్నే బలాన్ని బట్టి కంప్రెషన్ తెలుస్తుంది.

విప్పిన ప్లగ్గు రంగే సగం సంగతి చెబుతుంది. ఇటుక రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతున్నది, లేదా ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది. తడిగా, జిడ్డుగా నల్లబడితే ఆయిలు పైకి వస్తున్నది. తెల్లగా ఎండిపోతే పెట్రోలు చాలక ఇంజను కాగిపోతున్నది.

బండి పది కిలోమీటర్లు నడిచి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ స్టార్టు అవుతుందనుకోండి. తొందరపడి కాయిలు మార్చేవాళ్లు ఉన్నారు. తెలిసినవాడు ముందు ట్యాంకు మూత తెరుస్తాడు. మూతలోని గాలి రంధ్రం మట్టితో మూసుకుపోతే ట్యాంకులోకి గాలి చేరక పెట్రోలు దిగదు. గుండుసూదితో పోయే జబ్బు అది. రంధ్రం బాగుంటే అప్పుడు కండెన్సరు, కాయిలు చూడాలి. పాయింట్ల మధ్య నీలి రవ్వలు విపరీతంగా చిందుతుంటే కండెన్సరు మీద అనుమానం. పాయింట్లను సన్నని ఆకురాయితో రుద్ది, ఫీలర్ గేజితో సుమారు 0.4 మిల్లీమీటరు సందు పెడితే సగం బండ్లు అక్కడికే దారికి వచ్చేవి.

శబ్దాలకు పెద్ద స్క్రూ డ్రైవరే స్టెతస్కోపు. మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనిస్తే లోపలి మాట వినపడుతుంది. పైన టిక్కు టిక్కుమంటే ట్యాపెట్లు. చల్లగా ఉన్నప్పుడు టపటపమని, వేడెక్కాక తగ్గితే పిస్టను అరిగింది. ఎత్తు ఎక్కేటప్పుడు కింది నుంచి బరువుగా దబదబమంటే కనెక్టింగ్ రాడ్ బిగ్ ఎండు పోయినట్టు. ఆ శబ్దం విన్నాక బండిని నడపకూడదు.

పొగ విషయంలో జాగ్రత్త కావాలి. నీలిపొగ అంటే ఆయిలు కాలుతున్నదని అర్థం. కాని చాలా రోజులు నిలిపి ఉంచిన బుల్లెట్లో ఆయిలు మెల్లగా క్రాంక్ కేసులోకి జారుతుంది. స్టార్టు చేయగానే వీధి నిండా పొగ వచ్చి, కొన్ని నిమిషాల్లో తగ్గిపోతుంది. అది రింగుల జబ్బు కాదు. జావాలో గేరు ఆయిలు తగ్గుతూ, తెల్లపొగ ఎక్కువైతే క్రాంకు ఆయిల్ సీలు అరిగి గేరు ఆయిలును లోపలికి పీలుస్తున్నదన్నమాట.

బోరు కొట్టించాలా, వద్దా?

పాత బండి యజమానికి అసలు పరీక్ష ఇక్కడే. "లాగడం లేదు" అనగానే "బోరు పోయింది సార్" అనే తీర్పు సులువు. ఆ మాట ఒక గుమాస్తా జీతంలో పెద్ద భాగాన్ని మింగేది. ఆ నెల పిల్లవాడి ఫీజు ఆగేది, లేదా చీటీ వాయిదా తప్పేది.

అందుకని మంచివాడు ముందు ఖర్చు లేని పరీక్షలు చేసేవాడు. బండిని స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పాలి. బ్రేకు పట్టేసి ఉంటే ఏ ఇంజనైనా లాగదు. క్లచ్చు జారుతున్నదేమో చూడాలి. ఇంజను పరుగెత్తుతున్నా బండి కదలకపోతే తప్పు క్లచ్ ప్లేట్లది. టూ స్ట్రోకు బండైతే సైలెన్సరు విప్పాలి. పెట్రోలులో కలిపే ఆయిలు మాడి లోపల బొగ్గులా పేరుకుపోతుంది. ఆ బ్యాఫిలును నిప్పులో కాల్చి, తట్టి బిగిస్తే ముసలి జావా కుర్రదైపోయేది.

ఇవన్నీ బాగుండి కంప్రెషన్ మాత్రమే తక్కువైతే, ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ కిక్కు నొక్కి చూడాలి. బలం పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. పెరగకపోతే ఫోర్ స్ట్రోకు బండిలో వాల్వులు సరిగా కూర్చోవడం లేదు. వాల్వు పనికి బోరు కొట్టిస్తే డబ్బు దండగ, జబ్బు అలాగే ఉంటుంది. ఆఖరి సాక్ష్యం హెడ్డు దించాక దొరుకుతుంది. రింగును బోరులో పెట్టి దాని కొసల మధ్య సందు ఫీలర్ గేజితో కొలిస్తే సంగతి తేలిపోతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే సిలిండరుకు జన్మలు లెక్కే. ఓవర్ సైజు పిస్టన్లను పది, ఇరవై, ముప్పై, నలభై అని పిలిచేవారు. అంగుళంలో వెయ్యో వంతుల లెక్క అది. నలభై దాటితే కొత్త స్లీవు వేయాలి, లేదా బ్లాకే మార్చాలి. అక్కర లేకుండా కొట్టించిన ప్రతి బోరూ బండి ఆయుష్షులో ఒక జన్మను తగ్గిస్తుంది. కొట్టించాక మొదటి వెయ్యి కిలోమీటర్లు బాలింతను చూసుకున్నట్టు నిదానంగా నడపాలి. ఆ ఓపిక లేనివాళ్ల బండి ఏడాదికే మళ్లీ పొగ కక్కేది.

మారిన కాలం

1984, 1985 సంవత్సరాలలో ఇండ్-సుజుకి, హీరో హోండా, యమహా 100 సి.సి. బండ్లు రావడంతో కథ మలుపు తిరిగింది. లీటరుకు ఎక్కువ దూరం, తక్కువ మరమ్మతు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చి పాయింట్లు రుద్దే పని తీసేసింది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బి.ఎస్.-6 ప్రమాణాలతో కార్బురేటరు స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ స్థిరపడింది. ఇప్పుడు మీటరులో దీపం వెలిగితే మెకానిక్ ఒక స్కానరు తగిలించి కోడు చదువుతాడు. ఇది మంచిదే. కొత్త బండ్లు తక్కువ పొగ విడుస్తాయి, దారిలో ఆపవు.

అయితే స్కానరు ఏ భాగంలో తేడా ఉందో చెబుతుంది గాని, ఎందుకు వచ్చిందో ప్రతిసారీ చెప్పదు. చౌక కారణం నుంచి ఖరీదైన కారణానికి వరసగా వెళ్లడం, ఒక్కసారి ఒక్కటే మార్చి చూడడం, కనిపెట్టకుండా విప్పకపోవడం అన్నవి ఏ కాలానికైనా పనికివచ్చే సూత్రాలు. అవి పుస్తకంలో కన్నా పాత మిస్త్రీల చేతుల్లోనే ఎక్కువగా ఉన్నాయి. ఆ చేతులు ఒక్కొక్కటే విశ్రాంతి తీసుకుంటున్నాయి.

సభ్యులకు ఒక మనవి. మీ షెడ్డులో పాత బండి ఉంటే దానిని ఊరికే తుప్పు పట్టనివ్వకండి. ట్యాంకులో పాత పెట్రోలు తీయించండి, ఆయిలు మార్పించండి. మొదటి పదిహేనేళ్ల తరువాత రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలని మరవకండి. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండ్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ అవకాశం కూడా ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక ఆదివారం ఉదయం మనవణ్ణో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకుని ప్లగ్గు విప్పి రంగు చూపించండి. ఏ రంగుకు ఏమిటి అర్థమో చెప్పండి. పింఛను మన తరువాత ఇంకొంతకాలం కుటుంబానికి అందుతుంది. తెలిసిన విద్య మాత్రం మనం అందిస్తేనే అందుతుంది.