నక్షత్రాల మధ్య అణువుల ఆయుర్దాయం

నక్షత్రాల మధ్య ఖాళీలో అణువులు మనలేవని ఒకప్పుడు పెద్దపెద్దవాళ్ళే నమ్మారు. అక్కడ ఓ అణువు ఒకసారి విడిపోయిందంటే దాని పరమాణువులు మళ్ళీ కలిసే అవకాశం కనబడదని 1937లో ఆర్థర్ ఎడింగ్టన్ వాదించాడు. ఆ అనుమానం అర్థం లేనిదేమీ కాదు. కార్బన్-హైడ్రోజన్ బంధం తెగడానికి నాలుగు ఎలక్ట్రాన్ వోల్టులకి కాస్త ఎక్కువ శక్తి చాలు. నక్షత్రాల అతినీలలోహిత కాంతిలో 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా శక్తి ఉన్న ఫోటాన్లు అక్కడంతా తిరుగుతుంటాయి. అంతకు మించినవాటిని దారిలోని హైడ్రోజన్ మింగేస్తుంది.

తమాషా ఏమిటంటే, నక్షత్రకాంతిలో కనిపించిన ఓ సన్నని గీత ఒక కార్బన్, ఒక హైడ్రోజన్ కలిసిన అణువుదని స్వింగ్స్, రోసెన్‌ఫెల్డ్ చెప్పింది కూడా 1937లోనే. అయినా, రెండు పరమాణువులేగా, ఏదో బతికి బట్టకట్టాయి అన్నట్టుగానే చాలామంది ఉండిపోయారు. 1968లో చార్ల్స్ టౌన్స్ బృందం పాలపుంత కేంద్రం దిశలో అమ్మోనియాని పట్టుకుంది. మరుసటి ఏడాది గ్రీన్‌బ్యాంక్ రేడియో టెలిస్కోపుకి ఫార్మాల్డిహైడ్ దొరికింది.

మరి కాంతి వీటిని విడగొట్టదా? విడగొడుతుంది. 1972లో లూయీ స్టీఫ్, ఆయన సహచరులు లెక్కగట్టి చూస్తే, ఏ చాటూ లేనిచోట అమ్మోనియా, నీరు, ఫార్మాల్డిహైడ్ వంటివాటి ఆయుర్దాయం వందేళ్ళ లోపే అని తేలింది. బంధం గట్టిది కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ఇంకొంత కాలం తట్టుకుంటుంది. కానీ మేఘాల వయసు లక్షల ఏళ్ళల్లో ఉంటుంది కదా! కాపాడుతున్నది ధూళి. పాలపుంతలో నల్లమచ్చల్లా కనిపించే ఆ మేఘాల్లోకి బయటి కాంతి దూరలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. మేఘం లోపల కూడా పూర్తి చీకటి లేదని 1983లో ప్రసాద్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన తారాఫ్‌దార్ చూపించారు. ధూళికి ఆగని విశ్వకిరణాలు హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఆ ఎలక్ట్రాన్లు పక్కనున్న హైడ్రోజన్ అణువుల్ని రెచ్చగొడితే, అవి అతినీలలోహిత కాంతిని విడుదల చేస్తాయి. ఈ కాంతి బలం బయటిదాంట్లో పదివేలవంతు కూడా ఉండకపోవచ్చు. కానీ లక్షల ఏళ్ళు పడితే అదీ తక్కువేం కాదు.

ఎడింగ్టన్ అంచనాకి అందనిది రెండో సగం. విరిగిన ముక్కలు ఊరికే ఉండవు. వాయువులో అయాన్లతో, ధూళిరేణువుల మంచులో ఒకదానితో ఒకటి మళ్ళీ కలుస్తాయి. 2002లో రెండు బృందాలు వేర్వేరుగా నీరు, మిథనాల్, అమ్మోనియా ఉన్న మంచుని మైనస్ 260 డిగ్రీల దరిదాపుల్లో ఉంచి, అతినీలలోహిత కాంతి పడనిచ్చాయి. మిగిలిన మడ్డిని పరీక్షిస్తే అందులో అమినో ఆమ్లాలు బయటపడ్డాయి.

కాబట్టి ఈరోజు టెలిస్కోపులో కనిపించే ఫార్మాల్డిహైడ్ అంతా ఎప్పుడో పుట్టి, ఎలాగో తప్పించుకుని మిగిలినది కాదు. అక్కడ విరిగేవి విరుగుతూనే ఉన్నాయి, పుట్టేవి పుడుతూనే ఉన్నాయి. మనం కొలిచేది ఈ రెంటి మధ్య నిలిచిన నిల్వని.